శోకార్తుని యెదుట వేదాంతము

మన దేశములో వేదాంతము మిక్కిలి వినవచ్చు స్థలములు రెండు. ఒకటి పురాణకాలక్షేపము జరుగు దేవాలయ మండపము; రెండవది శవము లేచిన యిల్లు. మొదటి చోటికి శ్రోతలు తమంత తాము వత్తురు, రుచింపనిచో లేచి పోదురు; రెండవ చోట శ్రోతకు లేచిపోవు వీలు లేదు, కావుననే అచ్చట వక్తలకు కొఱత యుండదు. ఎదిగిన కొడుకును పోగొట్టుకొని గోడకు చేరగిలబడియున్న తల్లి యొద్దకు, ఆ యింట బియ్యము ఎక్కడ పోసియుంచుదురో కూడ ఎఱుగని దూరపు చుట్టము వచ్చి కూర్చుండి, దేహము అనిత్యమనియు, పుట్టినవారెల్ల గిట్టవలసినవారే యనియు, వానికిని ఆమెకును గల ఋణానుబంధము ఇంతటితో తీరినదనియు, ఎంత యేడ్చినను పోయినవాడు తిరిగి రాడనియు వరుసగా చెప్పి, తన విధి నెఱవేరినదన్న తృప్తితో లేచి చెప్పులు తొడిగికొనును. ఆతడు చెప్పిన దానిలో అసత్యమన్నది ఒక్క ముక్కయు లేదు. అవి ఆ తల్లి యెఱుగని సంగతులును కావు. ఇరుగుపొరుగు ఇండ్లలో ఆపద వాటిల్లినపుడు ఆమెయే ఆ మాటలను పలుమారు చెప్పియుండును. అయినను ఆతడు పోయిన పిదప ఆమె దుఃఖము ఒక పిసరు పెరిగినదే కాని తరుగలేదు. సత్యజ్ఞానమే శోకమునకు పరమౌషధమని ఉపనిషత్తులు మొదలు తత్త్వములు పాడు బైరాగి వఱకు అందఱును చెప్పుచుండగా, ఆ యౌషధము వలసిన చోటనే, వలసిన సమయముననే, ఇట్లు వికటించుటకు కారణమేమి? దోషము ఔషధములో నున్నదా, రోగిలో నున్నదా, వైద్యునిలో నున్నదా?

ఈ ప్రశ్నను మహాభారతము మనకంటె ముందుగనే వేసికొన్నది. స్త్రీపర్వారంభమునకు 18 దినముల యుద్ధము ముగిసినది. నూర్గురు కొడుకులలో ఒక్కడును మిగులని ధృతరాష్ట్రుడు కొమ్మలు తెగిన వృక్షమువలె కూలబడియున్నాడు. మొదట సంజయుడు మాటాడును. ఆతడు ఓదార్చుచునే, పెద్దల మాట వినకపోవుటవలన గదా ఇంత వచ్చినదని తప్పు నెత్తిచూపును. పిమ్మట విదురుడు ఉపక్రమించును. విదురునికంటె యోగ్యుడైన ఉపదేష్ట దొరకుట దుర్లభము: ధర్మాంశసంభూతుడు, స్వయముగా తమ్ముడు, పక్షపాత మెఱుగనివాడు, ఈ వినాశమును ఏండ్ల తరబడి ముందుగనే చూచి హెచ్చరించినవాడు. అట్టివాడు అధ్యాయముల కొలది చెప్పును. సంసారస్వరూపమును నిరూపించుటకు, ఘోరారణ్యములో దారి తప్పిన బ్రాహ్మణుడొకడు పాడునూతిలో పడి తీగలు చుట్టుకొని తలక్రిందుగా వ్రేలాడుటయు, క్రింద మహాసర్పమును, పైన ఆఱు ముఖములును పండ్రెండు పాదములును గల యేనుగును, చెట్టును కొఱుకుచున్న తెల్లని యెలుకలును నల్లని యెలుకలును ఉండగా, అంత యాపదలోను ఆతడు నోటబడు తేనెబొట్లకై యాశపడుటయు గల కథను చెప్పి, ఏనుగు సంవత్సరమనియు, ముఖములు ఋతువులనియు, పాదములు మాసములనియు, ఎలుకలు రాత్రింబగళ్లనియు విడమరచి చూపును. అనిత్యతను ఇంతకంటె గంభీరముగా చెప్పిన కథ మఱొకటి కలదని నేననుకొనను. ధృతరాష్ట్రుడు దానిని పెడచెవిని పెట్టలేదు. ఆ వాక్కు అమృతమువలె నున్నదనియు, ఇంకను చెప్పుమనియు తానే యడిగినాడు. అంతయు శ్రద్ధతో విన్నాడు. విని, పుత్రశోకముచే మూర్ఛిల్లి నేలపై పడిపోయినాడు.

అటుపిమ్మట జరిగిన దానిని చదువరులు తఱచు గమనింపరు. పడిపోయినవానికి ఎవ్వరును మఱల వేదాంతము చెప్పలేదు. వ్యాసుడును, విదురుడును, సంజయుడును, తక్కిన మిత్రులును, రాజునకు ఇష్టులైన ద్వారపాలకులును చుట్టు చేరి, చల్లని నీళ్లు చల్లి, తాటియాకు విసనకఱ్ఱలతో విసరి, చేతులతో ఒడలు నిమిరిరి; చాల సేపటికి రాజు తెలివి తెచ్చుకొనెను. వేదములను విభజించిన చేయి రోగి ఒడలు నిమురుట! గీతోపదేశ చిత్రము మన యిండ్ల గోడలపై ఎల్లెడల వ్రేలాడుచున్నది. ఈ దృశ్యమును చిత్రించి గోడకు తగిలించుకొన్నవారిని నేను చూడలేదు. అందు ద్వారపాలకులను గూడ పేర్కొనుట వ్యాసుని హృదయమును తెలుపుచున్నది. తత్త్వము చెప్పుటకు విదురుడు కావలెను; విసరుటకు వాకిట నిలుచు బంటు చాలును; ఆ క్షణమున రాజునకు కావలసినది బంటు చేయగలిగిన పని.

తెలివి వచ్చిన పిదప వ్యాసుడు మఱికొంత చెప్పగా, ప్రాణములు నిలుపుకొందుననియు, శోకింపకుండుటకు యత్నింతుననియు ధృతరాష్ట్రు డనెను. యత్నింతు ననెనే కాని శోకము పోయినదనలేదు. ఆ యత్నము ఎంతవఱకు సాగినదో ఆ పర్వమే కొంచెము దూరము పోయి చెప్పుచున్నది: భీముని కౌగిలింతునని చాచి, కృష్ణుడు ముందునకు నెట్టిన యినుపభీముని నుగ్గు చేసినవి ఆ రాజు చేతులే. చెవులు వేదాంతము విన్నవి, చేతులు వినలేదు.

నిజము విచారించినచో, ఓదార్పవచ్చినవారి మాటలలో సగమునకు పైగా శోకార్తుని కొఱకు పుట్టినవి కావు. పరుల దుఃఖము ఎదుట నిలిచినపుడు మనలో ఒక భయము తల యెత్తును: ఇది మన గడపను గూడ దాటగలదని. ఆ భయమును కప్పిపుచ్చుకొనుటకై, ఈ మృత్యువునకు ఏదో ఒక కారణము, ఒక లెక్క, ఒక న్యాయము ఉన్నదని మనకు మనము చెప్పుకొనవలసి వచ్చును. ఎదుటివాని చెవి దగ్గఱగా నున్నది గనుక ఆ చెవిలో చెప్పుదుము. “ఊరుకో తల్లీ, ఊరుకో” అను మాట అంత త్వరగా నోట వచ్చుటకు హేతువు ఇదియే. ఊరుకొనుటవలన మేలు పొందునది ఏడ్చువారికంటె ముందుగా వినువారు. మూల గూర్చున్న యే ముసలమ్మయో, “ఏడవనివ్వండి, గుండె బరువు దిగనివ్వండి” అని మెల్లగా గసరును. శాస్త్రములు చదివిన మగవారికంటె ఈ విషయమున ఆమెకు ఎక్కువ తెలియును. ఆమె ఎన్ని పురుళ్లు చూచినదో అన్ని చావులును చూచినది.

ఒకే వక్త ఒకచోట విఫలుడై మఱొకచోట సఫలుడగుట రామాయణమున కలదు. మాట యన్న హనుమంతునిది మాట యని రామునిచేతనే మెప్పు పొందినవాడాతడు. రామబాణమునకు వాలి కూలినపుడు తార నేలబడి విలపించుచుండగా ఆతడు మెల్లగా దగ్గఱకు పోయి, ఎవరి కర్మఫలము వారే యనుభవింతురనియు, నీటిబుడగవంటి దేహము గలవారిలో ఎవరు ఎవరిని గూర్చి శోకింపదగుననియు, అంగదుని చూచుకొని పైకార్యము ఆలోచింపుమనియు, ఆతనిని సింహాసనమున చూచినచో మనస్సు కుదుటపడుననియు చెప్పెను. మన యిండ్లలో భర్త పోయిన స్త్రీకి చెప్పబడు మాటలన్నియు, పిల్లల మొగము చూచి బ్రతుకుమనుటతో సహా, ఇందే యున్నవి. తార యేమనెను? అంగదునివంటి కొడుకులు నూర్గురు ఒక వంకను, హతుడైనను ఈ వీరుని కౌగిలి ఒక వంకను ఉన్నచో తనకు ఈ రెండవదియే మేలనెను. ఆ మాటకు హనుమంతుడు బదులు చెప్పినట్లు వాల్మీకి వ్రాయడు.

ఆ హనుమంతుడే అశోకవనమున శింశుపావృక్షముపై కూర్చుండి సీతను చూచినపుడు తొందరపడి నోరు విప్పలేదు. ఏ భాషలో మాటాడవలెనో, సంస్కృతమున మాటాడినచో తన్ను రావణుడని భ్రమించి భయపడునేమో యని తర్కించుకొని, తుదకు ఆమెకు తెలిసిన మానుషభాషలో, ఆమెకు ప్రియమైన రామకథను, ఆమెకు వినబడునంత స్వరముతో చెప్పసాగెను. ఇందు దేహము బుడగ యను ప్రసంగము లేదు. రాముడెట్లున్నాడో అది కలదు: ఆతడు నిదుర యెఱుగడనియు, ఒడలిపై వ్రాలిన దోమలను పురుగులను సైతము తోలుకొనడనియు, సీతయందే మనస్సు లగ్నమై యున్నదనియు. దానిని విని సీత, నీ మాట విషము కలిసిన యమృతమువలె నున్నదను భావమున పలికెను. రాముడు తన్ను మఱవలేదన్నది అమృతము, ఆతడు దుఃఖించుచున్నాడన్నది విషము. ఆమె దుఃఖము పోలేదు, కాని ఆమె ఒంటరితనము పోయినది. తారకు హనుమంతుడు సిద్ధాంతమును తెచ్చెను. సీతకు వార్తను తెచ్చెను. శోకార్తునకు లోకమందలి దేహములన్నియు నశించుననుటతో ప్రయోజనము లేదు. తాను ప్రేమించిన ఆ యొక్కరిని గూర్చిన మాట ఒకటి, అది ఎంత చిన్నదైనను, కావలెను. పోయినవాడు క్రిందటి సంక్రాంతికి మా యింట నిట్లు నవ్వినాడని ఒకడు చెప్పినచో, తల్లి కంట నీరు పొంగును, పొంగినను ఆమె తల యెత్తి, “ఇంకా ఏమన్నాడు నాయనా?” అని యడుగును.

అయినచో, ఆత్మవిదుడు శోకమును దాటునను శ్రుతి వ్యర్థమా యని పెద్దలు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము సమంజసమే; కాని ఆ శ్రుతి ఎవరి నోట, ఎట్టి సందర్భమున వెలువడినదో చూడవలసియున్నది. ఛాందోగ్యమున నారదుడు సనత్కుమారుని కడకు పోయి, తాను నాలుగు వేదములును, ఇతిహాసపురాణములును, ఇంక నెన్నియో విద్యలును నేర్చియు మంత్రము లెఱిగినవాడనే కాని ఆత్మ నెఱిగినవాడను కాననియు, శోకించుచున్నాననియు, ఆవలి యొడ్డు చేర్పుమనియు ప్రార్థించును. సనత్కుమారుడు నారదుని యింటికి పోలేదు. నారదుడే వచ్చినాడు, తన శోకమును తానే పేరు పెట్టి చెప్పినాడు, తానే యడిగినాడు. గీతయందును క్రమ మిదియే. అర్జునుడు మొదటి యధ్యాయమున తన విషాదమును తనివితీర చెప్పువఱకు కృష్ణుడు తత్త్వమున ఒక్క మాటయు ఆడడు. పిదప రెండు శ్లోకములలో గద్దించి చూచును. ఆ గద్దింపు పనిచేయలేదు. నేను శిష్యుడను, శాసింపుమని అర్జునుడు శరణు చొచ్చిన మీదటనే ఉపదేశము మొదలగును. శంకరభగవత్పాదులు ప్రథమాధ్యాయమును పదపదము వ్యాఖ్యానింపక, ద్వితీయాధ్యాయమున 11వ శ్లోకము నొద్ద శాస్త్రార్థమున కుపక్రమించిరి; అంతకు మునుపటి దంతయు శోకమోహములు పుట్టిన తెరగును తెలుపునదని వారి మతము. శాస్త్రము అడిగినపిదప మొదలగును. అడుగకముందు ఉన్నది వినుటయే.

ఇంకొక సంగతి. గీత విన్న 13వ నాడే అభిమన్యుడు కూలినాడు. ఆత్మకు చావు లేదని సాక్షాత్తు భగవంతుని నోట విన్న ఆ యర్జునుడు, కొడుకు ఎదురురాని శిబిరమును చూచి సామాన్యుడైన తండ్రివలె విలపించినాడు. అపుడు కృష్ణుడు, నేను చెప్పినదంతయు ఏమాయెనని అడుగలేదు. వీరులకు ఇది మార్గమని రెండు మాటలు చెప్పి, నీ శోకము చూచి నీ సోదరులును మిత్రులును క్రుంగిపోవుచున్నారు, వారిని ఊరడింపుమని ఆతనికొక పని యప్పగించినాడు. గీత వ్యర్థమైనదని దీనివలన తేలదు. కన్నీరు రాకుండ చేయుట గీతయొక్క ప్రతిజ్ఞ కాదనియు, కన్నీటి నడుమ నిలిచి చేయవలసినది చేయించుటయే దాని పని యనియు తేలును. వేదాంతము శోకము రాకమునుపు సంపాదించుకొని దాచుకొనదగిన ధనము. అది దొరకనివానికి ఆపద నాడు మన మూట విప్పి పంచిపెట్టుదుమనుట, మన మూట పెద్దదని చాటుకొనుటకే కాని వాని కాకలి తీర్చుటకు గాదు.

మూట పెద్దదైనంత మాత్రమున మోయువాడు గొప్పవాడు కాడనుటకు భాగవతము సప్తమస్కంధమున ఒక నిదర్శనమున్నది. పోతనగారి పుణ్యమా యని తెలుగువారికి అది చిరపరిచితము. హిరణ్యాక్షుడు హతుడైనపుడు తల్లియైన దితిని, తమ్ముని భార్యను, పిల్లలను ఓదార్చినవాడు హిరణ్యకశిపుడు. ఆతడు చెప్పిన వేదాంతములో వంక పెట్టుటకు వీలు లేదు. సుయజ్ఞుడను ఉశీనరరాజు యుద్ధమున మడియగా బంధువులు శవమును వదలక యేడ్చుచుండుటయు, యముడు బాలుని రూపమున వచ్చి వారికి బుద్ధి చెప్పుటయు, ఆ బాలుడు వలలో చిక్కిన పెంటికై యేడ్చుచు తానును వేటకాని బాణమునకు కూలిన పక్షి కథను వినిపించుటయు, ఒకదానిలో నొకటిగా చెప్పిన తీరు ఏ పౌరాణికునకైనను ఒరవడి కాదగినది. దితి శోకము నుపశమించుకొనెనని గూడ పురాణము చెప్పుచున్నది. కాని చెప్పినవాని సంగతి యేమి? చావు సహజమని తల్లికి బోధించిన ఆ మహానుభావుడు, తాను జరామరణములు లేనివాడు కావలెనని మందరపర్వత ప్రాంతమునకు పోయి కాలి బొటనవ్రేలిపై నిలిచి తపస్సు చేసెను. అంతకుముందే, ఓదార్పునకు నోరు విప్పకమునుపే, లోకమును తగులబెట్టుడని దానవుల కాజ్ఞ యిచ్చియుండెను. తత్త్వముతో కప్పిన శోకము చల్లారదు; క్రోధమై మఱొక దారిని వెడలును. ధృతరాష్ట్రుని చేతులలోనికి దిగినదియు అదియే. ఇక దితికి ఊరట ఏల కలిగినదన, నాకు తోచునది యిది: చెప్పినవాడు దూరపు చుట్టము కాడు, ఆమె పోగొట్టుకొన్నవానినే ఆతడును పోగొట్టుకొన్నాడు. పోయినవాడు ఆమెకు కొడుకు, ఈతనికి తమ్ముడు. ఆమెను తేర్చినది పక్షి కథ యగునో, ఆ గొంతులోని జీర యగునో, ఎవరు చెప్పగలరు?

అందుచేతనే వాల్మీకి రామునిచేత భరతునకు ఉపదేశము వెంటనే చేయింపలేదు. చిత్రకూటమున తండ్రి మరణవార్త చెవిని బడగానే రాముడు మూర్ఛిల్లినాడు. మందాకినికి దిగి నీళ్లు వదలినాడు. గారపిండిలో రేగుపండ్లు కలిపి, తాము తినునదే తండ్రికిని పెట్టవలసి వచ్చెనని యేడ్చుచు దర్భలపై పిండము పెట్టినాడు. నలుగురన్నదమ్ముల రోదనము కొండలలో ప్రతిధ్వనించి భరతుని సైన్యమునకు వినవచ్చినది. ఆ రాత్రి అందఱికిని దుఃఖముతోనే తెల్లవారినది. ఉపదేశము మఱునాటిది. ఏడ్చుట ముగియక మునుపు రాముని నోటనైనను తత్త్వము రాలేదు. సీత పోయినపుడు ఆ రామునకే లక్ష్మణుడు ధైర్యము చెప్పవలసివచ్చినది, ఆ లక్ష్మణుడును, నీవు నాకు పూర్వము చెప్పినదే నీకు జ్ఞప్తి చేయుచున్నానని వినయముతో ఒప్పుకొన్నాడు.

స్మృతికారులును ఈ మర్మము నెఱిగినవారే. యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయమున ఓదార్పునకు విధి కలదు. కేతన 13వ శతాబ్దిలోనే ఆ స్మృతి వ్యాఖ్యను తెనిగించినాడు గనుక తెలుగువారికిది క్రొత్త గ్రంథము కాదు. దహనమైన పిదప నీళ్లు వదలి, స్నానము చేసి, ఒడ్డునకు వచ్చి మెత్తని పచ్చికపై కూర్చున్నవారిని పెద్దలు ప్రాచీనేతిహాసములు చెప్పి ఊరడింపవలెనని అందున్నది. పచ్చిక మెత్తనిదిగా నుండవలెనని చెప్పుట మఱవని ఆ ఋషి ఎంత యనుభవజ్ఞుడో! అరటిబోదెవలె సారహీనమైన జీవితమును, పంచభూతములలో కలియు దేహమును గూర్చిన మాటలు అచ్చటనే వచ్చును. బంధువుల కన్నీటిని ప్రేతము మ్రింగవలసి వచ్చును గావున ఏడువరాదను మాటయు వచ్చును. ఇది నాకు రుచింపదు, తల్లి కన్నీటిని చచ్చినవానికి శిక్షగా చేయుట కఠినము. కాని ఆ వాక్యము ఏడువకుమనుటతో ఆగక శక్తికొలది క్రియలు చేయుమనుటతో ముగియుట గమనింపదగినది. వెంటనే చేయవలసిన పనులు వరుసగా వచ్చును: పిల్లలను ముందిడుకొని యింటికి నడచుట, వాకిట నిలిచి వేపాకు కొఱుకుట, ఆచమించుట, నిప్పును నీటిని గోమయమును తెల్లయావాలను తాకుట, ఱాతిపై మెల్లగా అడుగు పెట్టి లోనికి పోవుట, కొనినదో ఒరులిచ్చినదో తినుట, నేలపై పరుండుట. మాట ఒక ఘడియ. పని 10 దినములు. ఇంట పొయ్యి రాజేయనీయక ఇరుగుపొరుగులు అన్నము వండి తెచ్చు నేటి మన యాచారమునకు వేళ్లు ఇంత దూరమున నున్నవి. ఈ యెఱుక ఒక్క మతమునకు చెందినదియు గాదు: తన అనుచరుడైన జాఫర్ యుద్ధమున మరణించినపుడు ఆ యింటివారికి అన్నము వండి పంపుడని ప్రవక్త ఆజ్ఞాపించినట్లు హదీసులలో నున్నది.

ఓదార్పులలో కెల్ల క్రూరమైనది ఒకటి మిగిలినది: పూర్వజన్మకర్మ. కర్మసిద్ధాంతము ఉత్తమపురుషలో మాత్రమే చెప్పుకొనదగినది. “నా కర్మ” యని తాను అనుకొన్నవానికి అది ఓర్పు నిచ్చును, ఆత్మపరీక్షకు దారి చూపును. “నీ కర్మ” యని యొకడు మఱొకని ముఖమున అన్నచో అది అభియోగము, సాక్ష్యము లేని తీర్పు. బైబిలులోని యోబు గ్రంథ మంతయు దీనికి వ్యాఖ్యానము. సర్వమును కోల్పోయి, ఒడలెల్ల వ్రణములై, బూడిదలో కూర్చున్న యోబును చూడవచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను మిత్రులు 7 దినములును 7 రాత్రులును ఆతనితో నేలపై కూర్చుండి ఒక్క మాటయు పలుకలేదు. అంతవఱకు వారివంటి మిత్రులు ఏ వాఙ్మయమునను లేరు. ఎనిమిదవ దినమున వారు నోరు విప్పిరి. నీవు పాపము చేయనిదే యిది రాదని ముగ్గురును మార్చి మార్చి వాదించిరి. తుదకు దేవుడు కోపించినది తన్ను నిలదీసిన యోబుపై గాదు, తన పక్షమున వాదించిన ఈ మిత్రులపై. ఏడు ఎద్దులను ఏడు పొట్టేళ్లను ప్రాయశ్చిత్తముగా సమర్పింపుడని, యోబు మీకొఱకు ప్రార్థించునని శాసించెను.

మన దేశములో ఈ తీర్పునకు గుఱియైనవారు బాలవితంతువులు. పదియేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేసినవారు పెద్దలు, మగడు పోయిన పిదప తల గొఱిగించినవారు పెద్దలు, పిమ్మట అదంతయు ఆమె పూర్వజన్మకృతమని కన్నీరు తుడిచినవారును ఆ పెద్దలే. అట్టి దుఃఖమును ఓదార్చుట సాధ్యము కాదు, తగదు. దాని హేతువును పెఱికివేయవలెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినపుడు, వేదాంతము చెప్పి యేండ్ల తరబడి ఓదార్చుచుండిన వారందఱును ఆయనపై కత్తి కట్టిరి. మనుష్యకల్పితమైన దుఃఖము నెదుట అనిత్యత్వమును బోధించువాడు, తెలిసియో తెలియకయో, ఆ దుఃఖమును కల్పించినవాని పక్షమున నిలుచుచున్నాడు. పరీక్ష తప్పిన పిల్లవానికైనను, ఉద్యోగము పోయిన గృహస్థునకైనను, కట్నము బాకీకై పుట్టింటికి తిరిగి పంపబడిన కోడలికైనను ఈ న్యాయము వర్తించును.

కావున మొదట వేసిన ప్రశ్నకు నా తీర్పు: దోషము ఔషధములో లేదు, రోగిలో లేదు. అడుగనివానికి, ఏడ్పు ముగియనివానికి, తన భయము తీర్చుకొనుటకై దానిని నోట పోయు వైద్యునిలో నున్నది. ఆ తల్లియే కొన్నాళ్లకు తల యెత్తి, “నా బిడ్డ ఇపుడెక్కడ ఉంటాడు?” అని యడుగును, ఆనాడు తెలిసినవాడు తెలిసినంత చెప్పవచ్చును, తెలియనివాడు తెలియదని చెప్పి ఆమెతో కూర్చుండవచ్చును.

చదువరులకు ఒక్క మనవి. చావు జరిగిన యింటికి 10 దినములును జనము వచ్చుచునే యుందురు. 13వ నాటికి చాపలు చుట్టి గోడకు చేర్తురు, బంధువులు రైళ్లెక్కుదురు, ఇరుగుపొరుగుల గిన్నెలు ఎవరివి వారికి తిరిగి పోవును. ఆ యింటివారు తమలో తాము మాటాడుకొనుటకు గూడ వెఱచు దినములు అటుపై వచ్చును. మీరు పోదలచినచో అపుడు పొండు. ఒక సాయంకాలము, ఏదో ఒక పని మిషపెట్టుకొని, చేతిలో ఇన్ని కూరగాయలు పట్టుకొని పొండు; పోయి, అందఱును దాటవేయుచున్న ఆ పేరును మీరే మొదట ఎత్తుడు.